మూడో తరగతి పరీక్ష ఎంసెట్ కాదు

టెక్సాస్ రాష్ట్ర పరీక్ష స్టార్ జరిగే ఏప్రిల్ దగ్గర పడుతోందంటే డాలస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఒకటే మాట. ‘స్టార్ పరీక్షలో పై మెట్టు మాస్టర్స్ రాకపోతే పిల్లాడు వెనకబడ్డట్టే. ఇప్పట్నుంచే గట్టిగా కూర్చోబెట్టకపోతే హైస్కూల్లో నిలబడలేడు’ అని. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్... ఏ ఊళ్లో పుట్టినరోజు విందుకు వెళ్లినా పెద్దల కబుర్లు కాసేపట్లోనే ఎనిమిదేళ్ల పిల్లల స్కోర్ల మీదికి మళ్లుతున్నాయి. బడిలో పెట్టే మరో పరీక్ష మ్యాప్ స్కోరంటే తెలివితేటల కొలత అంటారొకరు. డెబ్బై పర్సంటైల్ అంటే నూటికి డెబ్బై మార్కులేగా అని దిగులుపడతారు ఇంకొకరు. బడికి ‘ఏ’ రేటింగు లేకపోతే ఇల్లు మారడమే మేలని సలహా ఇస్తారు వేరొకరు. ఇదంతా చూసి విసిగిపోయినవాళ్లేమో ఈ పరీక్షలన్నీ దండగ, ఆ రోజు పిల్లల్ని బడి మాన్పించేయండి అంటున్నారు.

ఇలా అనేవాళ్లు పిల్లల మేలు కోరనివాళ్లు కాదు. పోటీ పరీక్షల మీదే బతుకు కట్టుకుని వచ్చినవాళ్లు. ఎంసెట్ ర్యాంకు కాలేజీని తేల్చింది, కాలేజీ ఉద్యోగాన్ని తేల్చింది, ఉద్యోగం వీసాను తేల్చింది. అందుకే స్కోరు అన్నది కనిపించగానే దాన్ని ర్యాంకుగా చదవడం అలవాటైపోయింది. ఆ అలవాటుతో అమెరికా ఎలిమెంటరీ బడి పరీక్షను చదివితే మొదటి అక్షరం నుంచే తప్పు చదువుతాం. ఎంసెట్ ఉన్న కాసిని సీట్లకు పిల్లల్ని ఏరే పరీక్ష. మూడో తరగతి స్టార్ పరీక్షలో సీట్లూ లేవు, ఏరివేతా లేదు. పాఠం చెప్పాల్సినవాళ్లు సరిగ్గా చెప్పారా లేదా అని అడగడానికి పెట్టిన పరీక్ష అది. అందులో జవాబు చెప్పుకోవాల్సింది పిల్లాడు కాదు, బడి. ఈ ఒక్క సంగతి పట్టుబడితే పైన చెప్పిన అపోహలన్నీ వాటంతటవే విడిపోతాయి.

పరీక్ష రాసేది పిల్లలు, నిలదీసేది బడిని

1965లో లిండన్ జాన్సన్ అధ్యక్షుడిగా ఉండగా ఎలిమెంటరీ అండ్ సెకండరీ ఎడ్యుకేషన్ చట్టం వచ్చింది. పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు ఫెడరల్ ప్రభుత్వం డబ్బు ఇవ్వాలన్నది దాని సారాంశం. సెనేటర్ రాబర్ట్ కెనెడీ అప్పుడే ఒక షరతు పెట్టించారు. డబ్బు ఇస్తే సరిపోదు, ఆ డబ్బుతో పిల్లలకు నిజంగా చదువు వస్తోందో లేదో తేల్చాలి అని. తర్వాత వచ్చిన పరీక్షలకు మూలం ఆ షరతే. 2002 జనవరిలో జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకం చేసిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం 3 నుంచి 8 తరగతుల వరకు ఏటా రీడింగ్, మ్యాథ్స్ పరీక్షలను తప్పనిసరి చేసింది. 2015 డిసెంబరులో ఒబామా సంతకంతో వచ్చిన ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టం బడుల మీద వేసే శిక్షలను సడలించింది కానీ పరీక్షలను అలాగే ఉంచింది.

ఈ చట్టాల్లో అసలైన మేలు ఒకటుంది. ఫలితాలను బడి మొత్తానికి కలిపి చూపిస్తే కుదరదు. పేద పిల్లలవి, నల్లజాతి పిల్లలవి, వైకల్యం ఉన్న పిల్లలవి, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లలవి వేరువేరుగా చూపాలి. అంతకు ముందు బాగా చదివే పిల్లల మార్కుల చాటున మిగతా పిల్లల్ని దాచేసిన బడులు ఎన్నో. సగటు బాగుంటే చాలు, ఎవరూ అడిగేవారు కారు.

టెక్సాస్‌లో ఈ చట్టం కిందే స్టార్ పరీక్ష జరుగుతోంది. 2012 నుంచి ఉంది. ఎలిమెంటరీలో 3, 4, 5 తరగతుల వాళ్లు రీడింగ్, మ్యాథ్స్ రాస్తారు. ఐదో తరగతి వాళ్లకు సైన్స్ అదనం. ఎలిమెంటరీ బడికి రాష్ట్రం ఇచ్చే ‘ఏ’ నుంచి ‘ఎఫ్’ దాకా రేటింగు దాదాపు పూర్తిగా ఈ స్కోర్ల మీదే ఆధారపడుతుంది. 2015 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఒక బడి వరసగా అయిదేళ్లు ఫెయిలైతే రాష్ట్రం దాన్ని మూసేయాలి, లేదా ఎన్నికైన స్కూల్ బోర్డును పక్కనపెట్టి స్కూలు జిల్లా పగ్గాలు తానే తీసుకోవాలి. 2023లో హ్యూస్టన్ ఐఎస్‌డీ అలాగే రాష్ట్రం చేతుల్లోకి వెళ్లింది. టెక్సాస్‌లోకెల్లా పెద్ద జిల్లా అది. దానికి దారి తీసిన ముఖ్య కారణాల్లో ఒకటి ఒకే ఒక్క హైస్కూలు రేటింగు.

బడి గోడల మీద పోస్టర్లు, పరీక్ష ముందు ఉత్సాహ సభలు, ‘రాత్రి త్వరగా పడుకోబెట్టండి’ అని వరసగా వచ్చే ఈమెయిళ్లు చూసి ఇదంతా మన పిల్లాడి భవిష్యత్తు గురించేనని అనుకుంటాం. ఆ కంగారు బడిది. ప్రిన్సిపాల్ ఉద్యోగానిది, జిల్లా బోర్డుది. దాన్ని ఇంటికి మోసుకొచ్చి ఎనిమిదేళ్ల పాప నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

మరి పాపకు ఏమవుతుంది? 2021కి ముందు టెక్సాస్‌లో ఐదు, ఎనిమిది తరగతుల పిల్లలు ఈ పరీక్షలు గట్టెక్కకపోతే పైతరగతికి వెళ్లడం కష్టమయ్యేది. ఆ నిబంధనను 2021లో శాసనసభే తీసేసింది. ఇప్పుడు పాస్ కాని పిల్లలకు ఆ సబ్జెక్టులో 15 లేదా 30 గంటల అదనపు బోధన బడి ఇవ్వాలి. అది శిక్ష కాదు, పిల్లల హక్కు. ‘మావాణ్ణి స్పెషల్ క్లాసులో వేశారు’ అని తలదించుకునే తల్లులను చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆ గంటలు బడి మీకు బాకీ ఉన్న గంటలు.

అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాగే ఉందని అనడం లేదు. ఫ్లోరిడా, మిసిసిపీ లాంటి చోట్ల మూడో తరగతి రీడింగ్ పరీక్ష తప్పితే అదే తరగతిలో ఉంచేసే చట్టాలున్నాయి. వాటికి మినహాయింపులూ ఉన్నాయి. కాబట్టి టాంపాలో ఉన్న చెల్లెలు చెప్పిన మాట ప్లేనోలో ఉన్న అక్కకు వర్తించదు. మీ రాష్ట్రం సంగతి మీ బడిని అడగండి, వాట్సాప్ గ్రూపును కాదు.

‘మాస్టర్స్’ రాకపోవడం లోటు కాదు

స్టార్ ఫలితాల్లో నాలుగు మెట్లున్నాయి: డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. మన ఇళ్లలో చివరిదే పాస్ కింద లెక్క, మిగతా మూడూ ఫెయిలే. రాష్ట్రం రాసిన అర్థం అది కానే కాదు. రెండో మెట్టు ఎక్కితే పాసే. ‘అప్రోచెస్’ అంటే కొన్ని అంశాల్లో చేయూత ఇస్తే పైతరగతిలో నెగ్గుకొస్తాడని. ‘మీట్స్’ అంటే పైతరగతికి గట్టిగా సిద్ధంగా ఉన్నాడని, ఎక్కడైనా కొద్దిపాటి సాయం పడితే పడొచ్చని. ‘మాస్టర్స్’ అంటే ఆ సాయం కూడా పెద్దగా అక్కర్లేదని. ఈ మెట్లు చెబుతున్నది పిల్లాడికి ఎంత సాయం కావాలన్న సంగతి. పిల్లాడి విలువ ఎంతన్నది వీటిలో ఏ మెట్టూ చెప్పదు.

మెట్ల పేర్లు చూసి హడలెత్తడం దేశమంతటా ఉన్న జబ్బే. నాలుగో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లల్లో కొందరిని ఎంపిక చేసి దేశవ్యాప్తంగా నేప్ అనే పరీక్ష పెడతారు. అందులో ‘ప్రొఫిషియంట్’ కాని పిల్లలు ఎక్కువగా ఉన్నారనగానే, దేశంలో సగానికి పైగా పిల్లలు తరగతి స్థాయిలో చదవలేరని వార్తలు వస్తాయి. నేప్‌లో ప్రొఫిషియంట్ అన్నది తరగతి స్థాయి కాదు, అంతకన్నా ఎత్తైన గీత అని ఆ పరీక్ష నిర్వాహకులే రాసిపెట్టారు. పైగా నేప్‌లో ఏ ఒక్క పిల్లాడికీ విడిగా స్కోరు ఇవ్వరు. రాష్ట్రాలను, దేశాన్ని కొలవడమే దాని పని. ఏ పరీక్ష ఏ పనికి పుట్టిందో తెలియకుండా దాని అంకెలను పట్టుకుంటే ఇలాంటి తప్పులే జరుగుతాయి.

డెబ్బై పర్సంటైల్ అంటే డెబ్బై మార్కులు కావు

ఇక మ్యాప్. దీన్ని తయారుచేసింది ఎన్‌డబ్ల్యూఈఏ అనే సంస్థ. చాలా జిల్లాలు ఏడాదికి రెండు మూడుసార్లు పెడతాయి. మన వాళ్లను స్టార్ కన్నా ఇదే ఎక్కువ తికమక పెడుతోంది. ఉదాహరణకు ఒక రిపోర్టును దగ్గర పెట్టుకుని చూద్దాం. మూడో తరగతి పాప, జనవరి, మ్యాథ్స్. పేరు కింద మూడు అంకెలు పక్కపక్కన ఉన్నాయి: 200, 203, 206. మధ్యలో ఉన్నది స్కోరు. అటూ ఇటూ ఉన్నవి పరీక్ష తనంతట తాను ఒప్పుకుంటున్న తేడా. పాప రేపు మళ్లీ రాస్తే ఈ రెండు అంకెల మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు అని దాని అర్థం. కాబట్టి సెప్టెంబరులో 205 వచ్చి జనవరిలో 203 వస్తే పాప మర్చిపోయిందని కాదు. ఆ రెండు పాయింట్లూ కొలతలోనే ఉన్న ఊగిసలాట. తర్వాతి పరీక్షలో ఏమవుతుందో చూడాలి, అంతే. ఆ రెండు పాయింట్ల కోసం పాపకు టీవీ కట్టేసిన ఇళ్లు ఉన్నాయి.

203 కింద పర్సంటైల్ ఉంటుంది. 2020లో ప్రచురించిన జాతీయ సగటులతో పోల్చితే అది దాదాపు 70. అంటే దేశంలో అదే తరగతి పిల్లలు నూరు మందిని వరసలో నిలబెడితే పాప సుమారు డెబ్బై మంది కన్నా ముందుంది. అది బాగా చదువుతున్న పిల్ల స్కోరు. ఆ డెబ్బై పాప సరిగ్గా చేసిన లెక్కల సంఖ్య కాదు, నూటికి వచ్చిన మార్కులూ కావు. మన వాళ్లకు పర్సంటైల్ కొత్తేం కాదు, 2019 నుంచి జేఈఈ మెయిన్ స్కోరు పర్సంటైల్‌లోనే ఇస్తున్నారు. చిక్కు అక్కడే వచ్చింది. జేఈఈలో జనరల్ కేటగిరీ వాళ్లకు 70 పర్సంటైల్‌తో అడ్వాన్స్‌డ్‌కు కూడా అర్హత రాదు గనక ఇక్కడి 70ని కూడా ఓటమి కింద లెక్కేస్తున్నాం. అక్కడ లక్షల మంది కొన్ని సీట్ల కోసం పోటీపడుతున్నారు. ఇక్కడ పాప ఎవరితోనూ పోటీలో లేదు.

ఇంకో సంగతి. మ్యాప్ పిల్లాడి జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మార్చుకుంటుంది. సరిగ్గా చెబితే కష్టమైన ప్రశ్న ఇస్తుంది, తప్పితే తేలికైనది ఇస్తుంది. అందుకే ఎంత చురుకైన పిల్లలకైనా చివరికి సుమారు సగం ప్రశ్నలే వస్తాయి. ‘అమ్మా, సగం రాలేదు’ అని ఇంటికొచ్చిన పిల్లాణ్ణి ఎందుకు రాలేదని నిలదీయకండి. పరీక్ష సరిగ్గా పనిచేసిందన్నమాట. మూడో తరగతి పిల్లాడికి ఐదో తరగతి ప్రశ్న వచ్చి తప్పాడంటే, అక్కడిదాకా వెళ్లాడని సంతోషించాలి.

ఈ రిపోర్టులో నిజంగా చూడాల్సింది ఎదుగుదల. అవే 2020 సగటుల ప్రకారం మూడో తరగతి మ్యాథ్స్‌లో ఏడాది మొదట్లో దేశ సగటు సుమారు 188, చివర్లో సుమారు 201. అంటే ఏడాదిలో పదమూడు పాయింట్ల పెరుగుదల. 180తో మొదలై 195కు చేరిన పిల్లాడు సగటుకు కిందే ఉన్నా సగటు కన్నా వేగంగా ఎదిగాడు. 215తో మొదలై 217 దగ్గర ఆగిన పిల్లాడి పర్సంటైల్ ఇంకా ఘనంగానే కనిపిస్తుంది, కానీ ఆ ఏడాది బడిలో అతనికి కొత్తగా దొరికింది తక్కువ. విందులో చప్పట్లు రెండోవాడికే పడతాయి. శ్రద్ధగా ఆలోచించే తల్లిదండ్రులు మొదటివాణ్ణి మెచ్చుకుని, రెండోవాడి టీచర్‌ను కలవాలి.

మ్యాప్ తెలివితేటల కొలత కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఏడాది చదువుతో పెరిగేది పుట్టుకతో వచ్చిన తెలివి ఎలా అవుతుంది? గిఫ్టెడ్ తరగతులకు ఎంపిక కోసం పెట్టే కోగాట్ వేరే పరీక్ష. ఆ ఒక్క పరీక్షతోనే టెక్సాస్ బడులు ఎవరినీ తేల్చకూడదు. పలు ఆధారాలు చూడాలన్నది రాష్ట్ర నియమం. తెలివిని కొలిచే పరీక్షలకు ఆద్యుడు ఆల్‌ఫ్రెడ్ బినే కూడా 1905లో తన పరీక్షను తయారుచేసింది పారిస్ బడుల్లో అదనపు సాయం అవసరమైన పిల్లలెవరో తెలుసుకోవడానికి. తెలివి పెరగదు, మారదు అన్న వాదాన్ని ఆయనే గట్టిగా వ్యతిరేకించాడు.

రుద్దితే పెరిగేది స్కోరు, చదువు కాదు

‘సరే, ర్యాంకు కాదనుకుందాం. అయినా ప్రాక్టీసు చేయిస్తే నష్టమేమిటి?’ అని అడిగేవాళ్లు ఉన్నారు. మంచి ప్రశ్నే. పరీక్ష ఎలా ఉంటుందో, కంప్యూటర్లో ఎక్కడ నొక్కాలో ఒకటి రెండుసార్లు చూపించడం మంచిదే. అక్కడితో ఆగితే ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ రోజూ సాయంత్రం స్టార్ ప్రశ్నల పుస్తకం, వారాంతం కోచింగు, వేసవి సెలవుల్లో మ్యాప్ తయారీ అంటే నష్టం కచ్చితంగా ఉంది. ఆ నష్టం ఎలాంటిదో ఒక చిన్న లెక్కలో చూపిస్తాను.

ఇలాంటి పుస్తకాల్లో, కోచింగుల్లో పిల్లలకు ఒక చిట్కా నేర్పుతారు. ప్రశ్నలో ‘మొత్తం’ అని కనిపిస్తే కూడాలి, ‘మిగిలాయి’ అని కనిపిస్తే తీసేయాలి. ఇప్పుడు ఈ ప్రశ్న ఇవ్వండి: ‘రవి తన గోళీల్లో 5 తమ్ముడికి ఇచ్చేశాడు. ఇప్పుడు రవి దగ్గర 12 మిగిలాయి. మొదట ఎన్ని ఉన్నాయి?’ చిట్కా నేర్చిన పిల్లాడు ‘మిగిలాయి’ చూడగానే పన్నెండులోంచి ఐదు తీసి ఏడు అని రాస్తాడు. తమ్ముడికి కొన్ని ఇచ్చాక కూడా పన్నెండు ఉన్నాయంటే మొదట అంతకన్నా ఎక్కువే ఉండాలి కదా అన్న ఆలోచన వాడికి రాదు. ఆలోచించకుండానే జవాబు రాయడం వాడికి నేర్పింది మనమే. నిజంగా గోళీలు ఇచ్చిపుచ్చుకుని ఆడుకున్న పిల్లాడు చిట్కా ఏదీ లేకుండానే పదిహేడు అంటాడు.

ఇది ఒక్క ఇంట్లో జరిగే సంగతి కాదు, ఒక రాష్ట్రమంతా జరిగింది. ఆ రాష్ట్రం టెక్సాసే. 1990ల్లో అప్పటి రాష్ట్ర పరీక్ష టాస్‌లో ఇక్కడి పిల్లల స్కోర్లు ఏటికేడాది ఎగబాకాయి, ‘టెక్సాస్ అద్భుతం’ అని దేశమంతా చెప్పుకుంది. 2000 అక్టోబరులో ర్యాండ్ సంస్థ పరిశోధకులు ఆ స్కోర్లను నేప్ స్కోర్ల పక్కన పెట్టి చూశారు. రాష్ట్ర పరీక్షలో కనిపించినంత పెరుగుదల నేప్‌లో లేదు. ఒక పరీక్ష కోసం తయారుచేస్తే ఆ పరీక్షలో మార్కులు పెరుగుతాయి, వేరే పరీక్షలో అంత చదువు కనిపించదు. హార్వర్డ్ ఆచార్యుడు డేనియల్ కోరెట్జ్ దశాబ్దాల పాటు చెప్పింది కూడా ఇదే. ఏ కొలత మీద ఎక్కువ ఒత్తిడి పెడితే ఆ కొలతే చెడిపోతుందని సామాజిక శాస్త్రవేత్త డోనల్డ్ క్యాంప్‌బెల్ 1970ల్లోనే సూత్రీకరించాడు.

ఆ చెడిపోవడం ఎంతవరకు వెళ్తుందో అట్లాంటాలో చూశాం. 2009 నాటి రాష్ట్ర పరీక్షల్లో పెద్దఎత్తున అవకతవకలు జరిగాయని 2011లో జార్జియా రాష్ట్ర దర్యాప్తు తేల్చింది. 44 బడుల్లో 178 మంది విద్యాసిబ్బంది ప్రమేయం ఉందని ఆ నివేదిక చెప్పింది. పిల్లల తప్పు జవాబులు చెరిపి సరైనవి దిద్దారు. 2015లో పదకొండు మందిని కోర్టు దోషులుగా ప్రకటించింది. ఘోరమేమిటంటే, కాగితం మీద బాగా చదువుతున్నట్టు కనిపించిన ఆ పిల్లలకు దక్కాల్సిన అదనపు సాయం దక్కకుండా పోయింది. స్కోరు పెంచి చదువును దాచేస్తే నష్టపోయేది పిల్లలే. ఇంట్లో రుద్ది స్కోరు పెంచినా అంతే. టీచర్‌కు కనిపించాల్సిన లోటును మనమే కప్పేస్తున్నాం.

రేటింగు చూసి ఇల్లు కొనేవాళ్లకు

మన వాళ్లు ఇల్లు కొనే ముందు చూసేది బడి రేటింగు. పదికి తొమ్మిది ఉంటే లక్ష డాలర్లు ఎక్కువైనా పెడతారు. ఆ రేటింగు ముఖ్యంగా కొలుస్తున్నది సగటు స్కోర్లను. సగటు స్కోర్లు ముఖ్యంగా చూపేది ఆ బడి చుట్టూ ఉన్న కుటుంబాల ఆదాయాన్ని, చదువును. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు షాన్ రియర్డన్ దేశంలోని వేలాది స్కూలు జిల్లాల్లో 3 నుంచి 8 తరగతుల పిల్లల స్కోర్లను పోగుచేసి పరిశీలించారు. పిల్లల సగటు స్కోరుకూ కుటుంబాల ఆర్థిక స్థితికీ బలమైన సంబంధం కనిపించింది. పిల్లలు ఏటా ఎంత నేర్చుకుంటున్నారన్నదానికి మాత్రం సగటు స్కోరుతో ఉన్న సంబంధం బలహీనం. చికాగో బడులంటే చాలామందికి చిన్నచూపు. 2009 నుంచి 2014 వరకు అక్కడి పిల్లలు మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి లోపు ఐదేళ్లలో ఆరేళ్ల చదువు నేర్చుకున్నారని ఆయన పరిశోధనలో తేలింది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పిల్లలతో నిండిన బడికి ‘ఏ’ రావడంలో బడి గొప్ప ఎంత, ఇళ్ల గొప్ప ఎంత? అది రేటింగు చెప్పదు. బడిని అంచనా కట్టాలంటే ఏటా పిల్లల ఎదుగుదల ఎంత, టీచర్లు ఎన్నేళ్లుగా అక్కడే ఉంటున్నారు, వెనకబడ్డ పిల్లలకు ఏం చేస్తున్నారు అని అడగాలి. ఒకసారి బడి లోపలికి వెళ్లి తరగతి గది చూడాలి. మంచి రేటింగు ఉన్న బడి చెడ్డదని నేననడం లేదు. తక్కువ రేటింగు ఉన్న బడిని చూడకుండానే చెడ్డదనడం తప్పంటున్నాను. ఆ బడిలోనూ మన పిల్లల్లాంటి పిల్లలే చదువుతున్నారు.

భయపెట్టే లెక్కలు

‘మూడో తరగతిలో చదవడం రాకపోతే హైస్కూలు పూర్తిచేయకుండా మానేసే ప్రమాదం నాలుగు రెట్లు’ అన్న మాట తరచూ వింటుంటాం. ఇది అబద్ధం కాదు. 2011లో యానీ ఈ. కేసీ ఫౌండేషన్ ప్రచురించిన డొనాల్డ్ హెర్నాండెజ్ అధ్యయనంలోనిది. కానీ అదే అధ్యయనంలోని మిగతా సగం ఎవరూ చెప్పరు. మూడో తరగతిలో బాగా చదవలేని పిల్లల్లో సకాలంలో హైస్కూలు పూర్తిచేయనివాళ్లు ఆరుగురిలో ఒకరు. మిగతా ఐదుగురూ పూర్తిచేశారు. పేదరికం తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుందని కూడా ఆ అధ్యయనం చెప్పింది. నాలుగు రెట్లన్న మాటతో పేద పిల్లలకు పుస్తకాలు, టీచర్లు పెంచమని ప్రభుత్వాన్ని అడగాలి. దాన్ని తెచ్చి ఇంటి నిండా పుస్తకాలున్న పాపను భయపెట్టడానికి వాడకూడదు. మూడో తరగతి స్కోర్లు చూసి ఎన్ని జైళ్లు కట్టాలో రాష్ట్రాలు లెక్కేస్తాయన్న ప్రచారం కూడా ఉంది. ఏ రాష్ట్రమూ అలా చేస్తున్నట్టు ఆధారం లేదు. ఇకనైనా ఎవరికీ పంపకండి.

మాన్పించడం పరిష్కారం కాదు

ఇక పరీక్షలే వద్దనేవాళ్ల వాదన. 2015లో న్యూయార్క్ రాష్ట్రంలో సుమారు ఐదో వంతు పిల్లలు ఈ పరీక్షలు రాయకుండా మానేశారు. ఆ తల్లిదండ్రుల ఫిర్యాదుల్లో నిజం ఉంది. పరీక్షల నెలల్లో సైన్స్, సోషల్, ఆర్ట్, సంగీతం పక్కకు పోతున్నాయి. కీబోర్డు మీద వేళ్లు ఇంకా సరిగా ఆడని మూడో తరగతి పిల్లలు వ్యాసం టైపు చేయాల్సి వస్తోంది. టెక్సాస్‌లో ఆ రాతల్ని ఇప్పుడు ఎక్కువగా కంప్యూటరే దిద్దుతోంది. వీటి మీద కోపం సబబే, పోరాటం అవసరమే.

అయినా పిల్లల్ని మాన్పించడం సరైన దారి కాదు. టెక్సాస్ విద్యా చట్టం ప్రకారం పరీక్ష తప్పించడం కోసం పిల్లల్ని మాన్పించే హక్కు తల్లిదండ్రులకు లేదు. చట్టం సంగతి అలా ఉంచినా ఇందులో న్యాయం ప్రశ్న ఒకటుంది. మన పిల్లలకు పరీక్ష లేకపోయినా గడుస్తుంది, వాళ్ల చదువును రోజూ చూసుకునే పెద్దలు ఇంట్లో ఉన్నారు. రెండు షిఫ్టులు పనిచేసే తల్లి పిల్లాడికి బడిలో చదువు అందడం లేదన్న సంగతి బయటపెట్టేది ఈ అంకెలే. అంకెలను ప్రజలు కాపు కాయకపోతే ఏమవుతుందో టెక్సాస్‌కు తెలుసు. పిల్లల్లో 8.5 శాతం మించి స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉండకూడదన్నట్టు రాష్ట్రం ఏళ్ల తరబడి ఒక లక్ష్యం పెట్టుకుని నడిచింది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దాన్ని బయటపెట్టింది, 2018లో ఫెడరల్ విద్యాశాఖ అది చట్టవిరుద్ధమని తేల్చింది. సాయం అవసరమైన ఎందరో పిల్లలు ఈలోగా అది లేకుండానే బడి దాటిపోయారు. పరీక్షలు బాగుపడాలి, తగ్గాలి, మాయం కాకూడదు. 2027-28 నుంచి టెక్సాస్‌లో స్టార్ స్థానంలో ఏడాదికి మూడు చిన్న పరీక్షలు రాబోతున్నాయి. కొత్త పరీక్షనూ పాత కళ్లతోనే చూస్తే అప్పుడు మనకు ఏడాదికి మూడు భయాలు మిగులుతాయి.

రిపోర్టు చేతికి వచ్చినప్పుడు

విమర్శించి వదిలేస్తే లాభం లేదు గనక చేయాల్సిందేమిటో కూడా చెబుతాను. బడి ఇచ్చే కోడ్‌తో రాష్ట్రం నడిపే ఫ్యామిలీ పోర్టల్‌లోకి వెళ్లండి. స్కోరు దగ్గర ఆగకుండా పిల్లాడు రాసిన జవాబులు చూడండి. రాసిన వ్యాసం కూడా అందులో కనిపిస్తుంది. ఏ రకం ప్రశ్నలు తప్పుతున్నాయో చూడండి: భిన్నాలా, కొలతలా, కథలో నేరుగా చెప్పని సంగతి ఊహించడమా? ఆ ఒక్క సంగతి పట్టుకుని టీచర్ దగ్గరికి వెళ్లండి. ‘తరగతిలోనూ ఇలాగే ఉందా? నిరుటికీ ఇప్పటికీ ఎంత ఎదిగాడు? ఇంట్లో మేం చేయగలిగింది ఏమిటి?’ అని అడగండి. రాతపరీక్షను దిద్దిన తీరు అన్యాయమనిపిస్తే మళ్లీ దిద్దమని జిల్లా ద్వారా అడిగే వీలుంది.

ఏ పరీక్ష చూసినా, ఏ టీచర్ చెప్పినా రీడింగ్ బాగా వెనకబడే ఉందంటే పరువు కోసం దాచకండి. డిస్లెక్సియా ఉందేమో, ఇంకేదైనా అవసరం ఉందేమో పరిశీలించమని జిల్లా స్పెషల్ ఎడ్యుకేషన్ అధికారికి రాతపూర్వకంగా అడగండి. టెక్సాస్‌లో 15 బడి పనిదినాల్లోగా వాళ్లు జవాబివ్వాలి. బంధువుల్లో ఎవరేమనుకుంటారో అని ఏడాది ఆలస్యం చేస్తే ఆ ఏడాది పిల్లాడికి తిరిగి రాదు.

ఇంట్లో చేయాల్సింది ప్రశ్నల పుస్తకం కొనడం కాదు. ఊరి లైబ్రరీ కార్డు ఉచితం. రాత్రి పూట పిల్లాడితో కలిసి ఒక కథ చదవండి. తెలుగులో అయినా పరవాలేదు, తెలుగు కథను అర్థం చేసుకునే బుర్రే ఇంగ్లీషు కథనూ అర్థం చేసుకుంటుంది. వంటింట్లో పిండి కొలుస్తూ సగం, పావు, ముప్పావు చెప్పించండి. పరీక్ష ముందురోజు నిద్ర, ఆ రోజు కడుపునిండా టిఫిన్, సాయంత్రం ‘ఎన్ని వచ్చాయి’ అని అడగని ఇల్లు. ఇంతకు మించిన కోచింగు ఎలిమెంటరీ పిల్లలకు అక్కర్లేదు.

ఈ పరీక్షలు మీ బడిని అడగడానికి మీ చేతికిచ్చిన ప్రశ్నలు. వాటిని బడి ముందు పెట్టండి, పిల్లల ముందు పెట్టకండి. విందులో ఎవరైనా మీవాడి స్కోరెంత అని అడిగితే ఈసారి అంకె చెప్పకండి. ఈ ఏడాది వాడికి ఇష్టమైన పుస్తకమేదో చెప్పండి. వచ్చే తరం పిల్లల్ని ర్యాంకుల నుంచి విడిపించగలిగేది మనమే. ఆ పని ఈ ఏప్రిల్‌లోనే, మన ఇంట్లోనే మొదలుపెడదాం.